టెక్ కూర్పునందు చిత్రము: ఒక చారిత్రక పరిశీలనము

శాసనమును ప్రకటించువానికి ప్రతిచ్ఛాయాఫలకము అలంకారము కాదు, సాక్ష్యము. ‘ఇచట ఈ అక్షరము కలదు’ అని సంపాదకుడు పాఠమున వ్రాసినచో, ఆ మాట నిజమో కాదో చదువరి సరిచూచుకొనుటకు ఆ ఫలకమొక్కటియే ఆధారము. ఎపిగ్రాఫియా ఇండికా ప్రథమ సంపుటము 1892లో వెలువడినది మొదలు ఫలకముల విషయమున అంతటి శ్రద్ధ చూపబడుటకును, ఫలకముతో పాటు దాని కొలత సూచింపబడుచు వచ్చుటకును కారణమిదియే. ఆ కాలమున ఈ పనిని చూచుకొనుటకు వేఱొకడు ఉండెను. బ్లాకు చేయువాడు బ్లాకు చేసెడివాడు. కంపోజిటరు దానిని ఫారమునందు బిగించెడివాడు. సంపాదకుడు ప్రూఫు దిద్దెడివాడు. నేడు ఈ మువ్వురి పనియు పరిశోధక విద్యార్థి మీదనే పడినది. అతడు తన సిద్ధాంతవ్యాసమును తానే కంప్యూటరుపై కూర్చుకొనుచున్నాడు. చిత్రము పుటలోనికి ఏ మార్గమున వచ్చుచున్నదో తెలియనివాడు, తాను చూపదలచిన సాక్ష్యము చదువరికి యథాతథముగా చేరినదో లేదో కూడ తెలియనివాడే యగును.

మేము ఈ విషయమును చేపట్టుటకు ఒక చిన్న సంఘటనము హేతువైనది. కొన్ని యేండ్ల క్రిందట చరిత్రశాఖకు చెందిన ఒక విద్యార్థి, తెలుగు శాసనములపై ఆంగ్లమున వ్రాసిన సిద్ధాంతవ్యాసమును, శాసనపాఠములను రోమను లిపిలో నిచ్చి, ‘లేటెక్’ అను సాధనముతో కూర్చెను. కాగితముపై ముద్రించిన ప్రతి శాఖలో నుండెను. పరీక్షకులకు పీడీఎఫ్ ప్రతి పంపబడెను. మౌఖిక పరీక్షనాడు ఒక పరీక్షకుడు, ‘ఈ పంక్తుల కొసను మీరు చదివిన అక్షరములు మీ ఫలకములో నెక్కడను లేవు. ఊహించి పూరించితిరా?’ అని అడిగెను. విద్యార్థి తన కాగితపు ప్రతిని తీసి చూపెను. అందు అక్షరములు స్పష్టముగా నున్నవి. పరీక్షకుని ప్రతిలో లేవు. మూలమైన ఫైలు ఒక్కటియే, చిత్రమును ఒక్కటియే. శాసనములు మాత్రము రెండు! అంతవరకు నిష్కళంకమైన ఆ విద్యార్థి నిజాయితీపై ఒక గంటసేపు సందేహచ్ఛాయ వ్యాపించినది. మాకును అప్పుడు సమాధానము తోచలేదు. తరువాత వెదకి చూడగా, ఆ చిక్కు విద్యార్థి చేసిన ఒక దిద్దుబాటునందే కాక, నలువదేండ్లకు పైబడిన యొక సాంకేతిక చరిత్రలో వేరూనియున్నట్లు తెలిసినది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ కనూత్, తన బృహద్గ్రంథమునందలి రెండవ సంపుటపు ద్వితీయ ముద్రణమునకై 1977లో వచ్చిన గాలీ ప్రూఫులను చూచి ఖిన్నుడయ్యెను. తొలి ముద్రణమునందలి లోహపు అక్షరముల సొంపు, ఫోటో పద్ధతిని కూర్చిన ఈ ప్రూఫులలో లేకుండెను. కంప్యూటరుచే సుందరమైన కూర్పు చేయించుటకు ఆయన స్వయముగా పూనుకొనెను. 1978లో తొలిరూపము వెలువడిన ఆ సాధనమునకు ‘టెక్’ అని పేరు. ఆ పేరులోని తుది అక్షరము గ్రీకు ‘ఖై’ గాన ‘టెక్స్’ అనుట సరి కాదు. మన విద్యార్థులు పలువు రట్లే పలుకుదురు; అందువలన కూర్పునకు మాత్రము లోటేమియు రాలేదు.

టెక్ స్వభావమును ఒక్క మాటలో చెప్పవలెనన్న, అది పెట్టెలను పేర్చు యంత్రము. ప్రతి అక్షరమునకును వెడల్పు, ఎత్తు, లోతు అను మూడు కొలతలు గల పెట్టె యుండును. పెట్టెలు చేరి పంక్తియగును. పంక్తులు చేరి పుటయగును. పెట్టెలో నున్న అక్షరపు ఆకృతి యెట్టిదో టెక్కునకు తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. దాని పని ‘ఫలానా పెట్టెను పుటపై ఫలానా చోట నుంచుము’ అని నిర్ణయించుటతో ముగియును. ఈ నిర్ణయములను వ్రాసియుంచుటకు డేవిడ్ ఫుక్స్ అనునతడు 1979లో ‘డీవీఐ’ అను ఫైలురూపమును కల్పించెను. ఏ ముద్రణయంత్రమునకును కట్టుబడనిది యని దాని పేరునకు అర్థము. ఆ ఫైలును చదివి నిజముగా సిరా అంటించు పని ‘డ్రైవరు’ అను వేఱొక ప్రోగ్రాముది.

ఈ శ్రమవిభాగము అక్షరముల విషయమున అద్భుతముగా పనిచేసినది. అక్షరముల కొలతలు ఒక ఫైలునందును, ఆకృతులు మఱొక ఫైలునందును ఉండునట్టి ఏర్పాటు అందఱికిని సమ్మతమైనది. చిత్రముల విషయమున అట్టి సమ్మతి ఏదియు ఏర్పడలేదు. టెక్కు దృష్టిలో చిత్రము ఖాళీ పెట్టె మాత్రమే. తొలినాళ్లలో పలువురు ఆ ఖాళీని అట్లే విడిచి, పుట అచ్చైన పిదప చిత్రమును జిగురుతో అంటించెడివారు. మన ముద్రణాలయముల యందును చిరకాలము జరిగిన పనియే యిది. మఱికొందఱు చిత్రమునే అక్షరముగా మార్చిరి. లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్కునందు గీతలను, వృత్తములను అక్షరములవలె పేర్చి బొమ్మ గీయు నేర్పాటు కలదు. కనూతే 1987లో, ఛాయాచిత్రపు వెలుగునీడలను చుక్కల అక్షరములుగా కూర్చు విధమును వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. అది చూడ ముచ్చటైనదే కాని, శాసన ఫలకమునకు చాలునట్టిది కాదు.

కనూత్ ఈ విషయమై ముందుచూపుతో ఒక్క తలుపు తెఱచియుంచెను. దానికి ‘స్పెషల్’ అని పేరు. రచయిత ఆ ఆజ్ఞలో ఏమి వ్రాసినను టెక్ దానిని చదువదు. పెట్టె పెట్టవలసిన చోట ఆ మాటను మూసిన కవరువలె డీవీఐ ఫైలులో ఉంచిపోవును. కవరు విప్పి చదువు పని డ్రైవరుది. మిక్కిలి వివేకవంతమైన ఏర్పాటు. అయితే ఏ డ్రైవరు నిర్మాత యైనను ఆ కవరులోని భాషను తన కిష్టమైనట్లు కల్పించుకొనెను. ఒక డ్రైవరునకు వ్రాసినది మఱొకదానికి అర్థము కాకుండెను. నేటికిని చిత్రముల విషయమున మనము పడు చిక్కులలో సగము ఈ కవరునుండి వచ్చినవే యని మా అభిప్రాయము. ‘చిత్రము రాలేదు’ అని వచ్చిన విద్యార్థిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్నయు నిదియే: నీ కవరును విప్పునది ఎవరు?

ఇంతలో ముద్రణయంత్రములే మారినవి. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనువారు 1982లో స్థాపించిన అడోబి సంస్థ పోస్టుస్క్రిప్టు అను పుటవర్ణన భాషను నిర్మించినది. 1985లో ఆపిల్ సంస్థ వెలువరించిన లేజర్‌రైటరు ఆ భాషను గ్రహించునట్టిది. పోస్టుస్క్రిప్టు ఫైలు చిత్రము కాదు, చిత్రమును గీయు ప్రోగ్రాము. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన; మీదట దీనితో మనకు పని గలదు. ఒక పుటలో పొదుగుటకు అనువైన పోస్టుస్క్రిప్టు ఫైలును ‘ఈపీఎస్’ అందురు. దాని తలభాగమున ‘బౌండింగ్ బాక్సు’ అను పంక్తి యొకటి యుండును. చిత్రము యొక్క ఎడమ, అడుగు, కుడి, పై హద్దులను తెలుపు నాలుగు సంఖ్యలు అందుండును. ఆ పంక్తి సామాన్యమైన వ్రాతయే గాన టెక్ దానిని చదువగలదు. చదివి, అంత పెట్టెను ఖాళీగా ఉంచి, ఫైలు పేరును కవరులో పెట్టును. ఖాళీ పెట్టెకు ఇన్నాళ్లకు సరియైన కొలత దొరికినది. కొలమానములో చిన్న తేడా కలదు. టెక్కులో అంగుళమునకు 72.27 పాయింట్లు, పోస్టుస్క్రిప్టులో 72 మాత్రమే. 360 అను సంఖ్యను పోస్టుస్క్రిప్టు కొలతగా గ్రహించిన ఐదంగుళములగును. టెక్ పాయింటుగా గ్రహించిన 4.98 అంగుళములగును. కంటికి తెలియదు గాని, ఫలకముపై కొలబద్ద పెట్టువానికి తెలియును.

టామస్ రోకికి వ్రాసిన డీవీఐపీఎస్ అను డ్రైవరు డీవీఐని పోస్టుస్క్రిప్టుగా మార్చుచు, ఈపీఎస్ చిత్రములను అందు పొదిగెడిది. విశ్వవిద్యాలయములలో అది బహుళముగా వ్యాపించెను. అయినను రచయిత తన మూలములో డ్రైవరు భాషనే వ్రాయవలసి వచ్చెడిది. 1994లో లేటెక్కు నూతనరూపము వెలువడినపుడు, డేవిడ్ కార్లైల్, సెబాస్టియన్ రాట్జ్ అనువారి ‘గ్రాఫిక్స్’ అను సంపుటి దానితో పాటు వచ్చినది. మా దృష్టిలో ఈ చరిత్రయం దిదియే ప్రధానఘట్టము. రచయిత ‘ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్’ అను ఒకే యాజ్ఞను వ్రాయును. కవరులో ఏ భాష వ్రాయవలెనో ఆయా డ్రైవరునకై వ్రాసిన ఉపఫైలు నిర్ణయించును. రచయిత వ్రాత మారదు, దుబాసి మారును. ‘డ్రాఫ్ట్’ అని చెప్పినచో చిత్రమునకు బదులు చట్రమును, అందు ఫైలు పేరును మాత్రము కనబడును. చిత్రము తప్పుచోట పడినపుడు మేము మొదట చేయు పరీక్ష యిదే. చట్రము సరియైన చోట, సరియైన కొలతతో నున్నచో, టెక్ చేయవలసినది చేసినదనియు, తప్పు డ్రైవరునందో, చిత్రపు ఫైలునందో కలదనియు తేలును.

దుబాసి మారుట యనునది త్వరలోనే అవసరమైనది. 1993లో అడోబి సంస్థ పీడీఎఫ్‌ను వెలువరించినది. వియత్నాము దేశీయుడగు హాన్ తే తాన్, బ్ర్నో నగరమందలి మాసరిక్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండి, ‘పీడీఎఫ్‌టెక్’ను నిర్మించెను. ఇది డీవీఐని దాటి నేరుగా పీడీఎఫ్‌ను వ్రాయును. కూర్చువాడును, డ్రైవరును ఒక్కటైనందున మధ్యనున్న కవరు చాలవఱకు మాయమైనది. జేపెగ్, పీఎన్‌జీ, పీడీఎఫ్ చిత్రములను ఇది స్వయముగా తెఱచి కొలత చూచుకొనగలదు. ఈపీఎస్‌ను మాత్రము గ్రహింపలేదు. ఏలయన, మేము పైన చెప్పినట్లు, ఈపీఎస్ ప్రోగ్రాము. దానిని నడుపుటకు పోస్టుస్క్రిప్టును అర్థము చేసికొను యంత్రాంగము కావలెను. పీడీఎఫ్‌టెక్కునందు అది లేదు. పాతమార్గమునకు దీనికి సరిగా వ్యతిరేకమైన లోపము కలదు. డీవీఐని వ్రాయు టెక్, వ్రాతరూపమున నున్న ఈపీఎస్ తలపంక్తిని చదువగలదు గాని, పీఎన్‌జీ వంటి ద్వియాంక ఫైలునందలి కొలతలను చదువజాలదు. ‘చిత్రపు కొలత తెలియరాలేదు, బౌండింగ్ బాక్సు లేదు’ అని అది మొఱపెట్టును. విద్యార్థులు ఈ మాటను చూచి తమ చిత్రము చెడిపోయినదని తలంతురు. చిత్రమునకు ఏమియు కాలేదు. అడిగినవాడు దానిని చదువలేనివాడు, అంతియే.

దీనికంటె మోసకరమైన చిక్కు వేఱొకటి. పాత మూసలను నకలు చేసికొను అలవాటు మన పరిశోధకులలో మెండు. గురువుగారి శిష్యుడు, ఆయన శిష్యుడు, ఇట్లు వంశపారంపర్యముగా వచ్చిన మూసలో ‘డీవీఐపీఎస్’ అను డ్రైవరు పేరు మొదటి పుటలోనే బిగించియుండును. దానిని పీడీఎఫ్‌టెక్‌తో నడిపినపుడు, కవరులో పోస్టుస్క్రిప్టు డ్రైవరు భాష చేరును, విప్పువాడో పీడీఎఫ్‌టెక్. తనకు సంబంధింపని కవరని అది దానిని విడిచిపుచ్చును. ఫలితముగా, చిత్రమునకు సరిగా చాలినంత చోటు, సరియైన స్థలమున, తెల్లగా మిగులును. లాగు ఫైలులో ఒక హెచ్చరిక వ్రాయబడియుండును గాని, దానిని చదువు విద్యార్థిని మేము ఇంతవరకు ఇద్దఱినే చూచితిమి. డ్రైవరు పేరును తొలగించినచో ఉపఫైలు స్వయముగా నిర్ణయింపబడును, చిత్రము వచ్చును.

ఈపీఎస్‌లను పీడీఎఫ్‌గా మార్చుటకు గోస్టుస్క్రిప్టు అను పోస్టుస్క్రిప్టు వ్యాఖ్యాత ప్రోగ్రాము ఉపకరించినది. మొదట రచయిత ఒక్కొక్క చిత్రమును చేతితో మార్చుకొనవలసి యుండెను. 2010 నాటి ‘టెక్ లైవ్’ సంపుటినుండి, పీడీఎఫ్‌టెక్కునకు ఈపీఎస్ ఎదురైనచో ఆ మార్పు తెరచాటున తనంత తానే జరుగు నేర్పాటు కలిగినది. సౌకర్యమే. కాని మా విద్యార్థిని పరీక్షామందిరమున తలవంచునట్లు చేసిన దీ తెరచాటు మార్పే.

జరిగిన దిది. ప్రతిచ్ఛాయ పుటయంచునకు మించి వచ్చుటచే, అతడు ఈపీఎస్ ఫైలును తెఱచి, బౌండింగ్ బాక్సులోని కుడి హద్దు సంఖ్యను చేతితో తగ్గించెను. పెట్టె చిన్నదైనది, పుట అందముగా కుదిరినది. డీవీఐపీఎస్ మార్గమున ప్రత్యేకముగా కత్తిరింపుమని చెప్పిననే తప్ప, పెట్టెను దాటిన భాగమును అది కత్తిరింపదు. చిత్రపు కుడి కొస పెట్టె వెలుపల, తెల్లని అంచుపై నిండుగా అచ్చైనది. కావుననే కాగితపు ప్రతిలో అక్షరములన్నియు కనబడినవి. పీడీఎఫ్ మార్గమున నట్లు కాదు. ఈపీఎస్‌ను పీడీఎఫ్‌గా మార్చునపుడు బౌండింగ్ బాక్సే ఆ చిన్న పీడీఎఫ్ యొక్క పుట యగును. పుట వెలుపల నున్నది కనబడదు. ప్రతి పంక్తికిని కొసనున్న ఒకటి రెండక్షరములు మాయమైనవి. విఱిగిన రాతి యంచు ఎట్లుండునో, కత్తిరింపు అంచు నట్లే యుండెను. చూపరి రాయి పగిలినదని తలంచుట సహజమే. హద్దు సంఖ్యను మార్చుటకు బదులు, వెడల్పు ఇంత కావలెనని ఆజ్ఞలో వ్రాసియున్నచో, చిత్రమంతయు తగ్గి పెట్టెలో నిమిడియుండెడిది. రెండు ప్రతులును ఒక్కతీరుననే యుండెడివి.

వెడల్పును స్పష్టముగా చెప్పుటకు మఱియొక కారణమును కలదు. స్కానరుతో తీసిన చిత్రమునకు అంగుళములు లేవు, చుక్కలే యున్నవి. 1800 చుక్కల వెడల్పు గల చిత్రము, అంగుళమునకు 300 చుక్కలన్నచో ఆఱంగుళములు. 72 చుక్కలన్నచో ఇరువదియైదంగుళములు. ఆ సంఖ్య ఫైలులో వ్రాయబడియున్నచో డ్రైవరు దానిని చదువును. లేనిచో తానే ఒకటి ఊహించును. పీడీఎఫ్‌టెక్ ఊహ 72. అందుచే ఒక ప్రోగ్రామున సరిగా నున్న ఫలకము మఱొకదానిలో పుటను దాటి పోవుట విడ్డూరము కాదు.

తెలుగు కూర్పునకు ఈ చరిత్రతో గల సంబంధము కొంత ఆలస్యముగా నేర్పడినది. 1990 దశకమున మెటాఫాంటుతో తెలుగు అక్షరములు చేసికొని టెక్కునందు వాడినవారు లేకపోలేదు. కాని వాడుక విస్తరించినది, 1991లో యూనికోడ్ ప్రథమరూపమునందే తెలుగునకు స్థానము లభించిన పిదప, జొనాథన్ క్యూ 2004లో ‘జీటెక్’ను వెలువరించిన తరువాతనే. వత్తులును గుణింతములును సరిగా కుదురు ఫాంటులను అది నేరుగా వాడుకొనును. మొదట ఆపిల్ యంత్రములకు పరిమితమైన యది 2006లో ఇతర యంత్రములకును వచ్చినది. ఇది పైకి పీడీఎఫ్‌టెక్ వలె కనబడినను లోపలి ఏర్పాటు పాతదే. విస్తరింపబడిన డీవీఐ యొకటి వ్రాయబడును. దానిని డ్రైవరు తత్క్షణమే పీడీఎఫ్‌గా మార్చును. ఆ డ్రైవరు, మార్క్ విక్స్ మొదట వ్రాయగా, తూర్పు ఆసియా లిపులకై కొరియాకు చెందిన జిన్-హ్వాన్ చో, జపానుకు చెందిన షున్‌సాకు హిరాతా పెంపొందించిన సాధనపు సంతతికి చెందినది. కావున తెలుగున కూర్చువారికి కవరు నేటికిని కలదు. పీడీఎఫ్‌టెక్కునకై వ్రాసిన చిట్కా జీటెక్కునందు పనిచేయలేదని విస్మయపడుట తగదు.

ఫైళ్ల పేర్ల విషయమున వచ్చు చిక్కులను క్లుప్తముగా చెప్పి విడిచెదము. చిన్నబడి పెద్దబడి భేదము మన లిపిలో లేదు గాన మన విద్యార్థులకు దానిపై దృష్టి తక్కువ. కెమెరా పెద్దబడి అక్షరములతో పెట్టిన జేపెగ్ పేరును చిన్నబడితో వ్రాసినను విండోస్ యంత్రము మన్నించును, లినక్సు మన్నింపదు. పేరుచివర నుండు ఫైలురకపు సూచనను మానినచో, ఏ డ్రైవరు తనకు తగిన ఫైలును అది ఏఱుకొనును. రెండు మార్గములకును ఒకే మూలమును వాడుటకు ఇది చక్కని యుపాయము. అయితే సంచయములో ఒకే పేరుతో పాత పీడీఎఫ్‌యు, సరిదిద్దిన పీఎన్‌జీయు నున్నచో, ఏది పుటలోనికి వచ్చినదో లాగు ఫైలును చూచియే తెలిసికొనవలెను.

ఇక మూడవ మార్గము, అంతర్జాలపు పుట. ఈటాన్ గురారి నిర్మించిన టెక్‌ఫోర్‌హెచ్‌టీ అను సాధనము, కనూత్ తెఱచియుంచిన స్పెషల్ తలుపునుండియే ప్రవేశించి, డీవీఐ నుండి హెచ్‌టీఎంఎల్‌ను వ్రాయును. 2009లో గురారి మరణించిన పిదపను ఇతరులు దానిని పోషించుచున్నారు. డీవీఐ మార్గమగుటచే, పీడీఎఫ్‌టెక్కున నిరాటంకముగా వచ్చిన పీఎన్‌జీకి ఇచట మరల కొలత చెప్పవలసి వచ్చును. ఈపీఎస్ చిత్రములను బ్రౌజరు చూపగల రూపమునకు మార్చవలసి యుండును. అంతకంటె ముఖ్యమైనది, తెరమీది అంగుళము నిజమైన అంగుళము కాదు. అది 96 చుక్కలకు పెట్టిన పేరు మాత్రమే. ఫలకము క్రింద ‘నాల్గవ వంతు కొలత’ అని వ్రాసినది కాగితముపై నిజము కావచ్చును గాని, ఒక్కొక్క తెరపై ఒక్కొక్క విధముగా అసత్యమగును. కొలతను మాటలలో వ్రాయుటకు బదులు, కొలబద్దను ప్రతిచ్ఛాయ ప్రక్కనే యుంచి దానితో కలిపి ఛాయాచిత్రము తీయించుట ఇందుకు మార్గము. చిత్రమెంత పెరిగినను తగ్గినను కొలబద్దయు దానితోనే పెరుగును, తగ్గును.

మా విద్యార్థి ఫలకములన్నిటిని అట్లే మరల తీయించి, ఈపీఎస్‌లను విడిచి, అన్నిటికిని వెడల్పు నిర్దేశించి వ్యాసమును తిరిగి కూర్చెను. అతడు మూడు ప్రతులను మా బల్లపై ఉంచినపుడు, మేము పంక్తుల కొసనున్న అక్షరములను ఒక్కొక్కటిగా లెక్కించితిమి. కాగితము, పీడీఎఫ్, తెర, మూడింటను లెక్క సరిపోయినది. ఒక అక్షరము మాత్రము రాతిమీదనే అరిగి, మూడింటను ఒకే తీరున అస్పష్టముగా నుండెను.